మా వంటింటిని నిలబెట్టిన గల్లీవాళ్లకు

కుమార్‌పల్లిలో మేం కిరాయికి ఉన్న గల్లీ వాళ్లందరికీ నమస్కారం. బాపుకు గుండె ఆపరేషన్ అయ్యాక, చూపించుకోవడానికి దగ్గరగా ఉంటుందని ఊరి నుంచి హన్మకొండ వచ్చి దిగినోళ్లం. ఇప్పుడు బాపు నిమ్మళంగా ఉన్నాడు, వచ్చే వారం ఊరికి పోతున్నాం. ఇల్లిల్లూ తిరిగి చెప్పే పోతాను గానీ, మీ ముందు నిలబడితే నాకు మాట రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

వచ్చేటప్పుడు మా దగ్గర బట్టల సంచులు, ఆస్పత్రి ఫైలు, ఒక చాప. అంతే. బర్లను చూసుకోవడానికి అమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. బయటి తిండి వద్దు, ఉప్పూ నూనే బాగా తగ్గించాలని డాక్టర్ చెప్పాడు, కాబట్టి వంట నా నెత్తిన పడింది. నాన్‌స్టిక్ సెట్టు ఒకటి కొనుక్కొద్దామని బయల్దేరితే ఎదురింటి వదిన గేటు కాడనే ఆపింది. "సెట్టు కొంటే అందుల రెండు వాడుతవు, తక్కినయి అటుక మీదికి పోతయి. ఊకో, మా బోళ్లు తీస్కపో" అంది. చీకటి పడేసరికి మా గడప ముందు గంజులు, గంటెలు, తల్లెలు కుప్పయ్యాయి. వదినా, ఆ పూట మిగిలిన డబ్బు మందులకు అక్కరకొచ్చింది.

పైపోర్షన్ అన్న అసలు బోళ్ల సంగతే ఎత్తలేదు. ముందు పొయ్యి చూస్తానన్నాడు. సిలిండర్‌కు తగిలించిన రబ్బరు పైపును తిప్పి తిప్పి దాని మీద అచ్చయిన ఏడాది వెతికి, ఐదేళ్లు దాటిందని అప్పటికప్పుడు పీకేయించాడు. కొత్తది బిగించాక గిన్నెలో సబ్బు నురగ చేసి, రెగ్యులేటర్ దగ్గర, పొయ్యి దగ్గర అతుకుల మీద పూసి వంగి చూస్తూ కూర్చున్నాడు. బుడగ లేస్తే గ్యాస్ కారుతున్నట్టు. లేవలేదు. "ఇగ పప్పు పెట్టుకో" అని వెళ్లిపోయాడు, చాయ్ కూడా తాగలేదు.

పప్పుకు కుక్కర్ ఇచ్చింది పక్కింటి అక్క. మూడు లీటర్లది, ఇద్దరికి సరిగ్గా సరిపోయింది. ఇస్తూ ఇస్తూ మూతను కిటికీకేసి ఎత్తిపట్టి, విజిల్ కూర్చునే గొట్టంలోంచి వెలుతురు కనబడితేనే పొయ్యి మీద పెట్టమని చెప్పింది. పప్పూ నీళ్లూ కలిపి సగం మించొద్దట, నురుగు పొంగి గొట్టానికి అడ్డం పడుతుందట. నీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగితే కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడికి 120 దాకా పోతుంది. కందిపప్పు అందుకే అంత తొందరగా మెత్తబడుతుంది. ఆ ఒత్తిడి పోవడానికి దారి లేకపోతే ఏమవుతుందో అక్క వివరంగానే చెప్పింది. వద్దులెండి, అది ఇక్కడ రాయను.

కిరాణం కాక ఇనుప పెంక పంపాడు. కొత్తది, బూడిద రంగులో ఉంది. ఒకసారి సబ్బుతో రుద్ది కడిగి, తడి లేకుండా కాల్చి, నూనె గుడ్డతో తుడిచినట్టుగా రాసి, పొగ వచ్చేదాకా వేడి చేయాలి. మళ్లీ రాయాలి, మళ్లీ కాల్చాలి. నూనె మందంగా పోస్తే జిగురు కడుతుంది. ఇప్పుడది నల్లగా నిగనిగలాడుతోంది, జొన్నరొట్టె అంటకుండా లేస్తోంది. కాకా, చింతపండు పులుసు మాత్రం దాని దగ్గరికి రానివ్వలేదు, నువ్వు చెప్పినట్టే స్టీలు గంజులోనే కాచిన.

అన్నిటికన్నా బాపుకు మేలు చేసిన వస్తువు మాత్రం సైన్సు సారు ఇచ్చిన చిన్న కొలత చెంచా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కూడా రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. తలగొట్టిన టీ చెంచా ఒకటి, అంతే. అందులో పచ్చడీ అప్పడమూ కూడా లెక్కకొస్తాయి. బాపుకు డాక్టర్ అంతకన్నా తక్కువ రాశాడు. సారు నేర్పిన పద్ధతేమంటే, రోజు మొత్తానికి పట్టే ఉప్పును పొద్దున్నే కొలిచి ఓ గురిగిలో పోసి, ఉప్పు డబ్బాను పైకి ఎక్కించేయడం. కూరయినా పప్పయినా గురిగిలోంచే. సాయంత్రానికి అది ఖాళీ అయితే ఆ రోజుకు ఉప్పు లేదు. మొదటి రోజు గురిగిలోకి తొంగిచూసి బాపు, "ఇది కూరలకా, బొట్టు పెట్టుకునేందుకా?" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో కూడా గురిగే ఉండాలని తనే అంటున్నాడు.

చప్పిడి తిండితో నాలుక చచ్చిపోయిన మనిషికి సర్వపిండి పెట్టింది చివరింటి పెద్దవ్వ. పిండి ఒత్తి కాల్చే గిన్నె, అదే సర్వ, తనదే, అడుగు మందం, లోపల నున్నగా ఉంటుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లాకు, చపాటా మిర్చి కారం. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, కాబట్టి బాపుకు నోరు మండలేదు, కంటికి మాత్రం నిండుగా కనబడింది. పిండిని సర్వ గోడలకు పల్చగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచింది. ఒకటి దిగాక వేడి సర్వలో రెండోది ఒత్తితే చేతులు కాలుతాయి, పిండి పట్టదు. సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి, లేదంటే రెండు సర్వలుండాలి. పెద్దవ్వకు రెండున్నాయి. రెండోది "నువ్వే ఉంచుకో బిడ్డా" అంది. ఉంచుకుంటున్నా అవ్వా, వద్దని అబద్ధమాడలేను.

కత్తిని పింగాణి కప్పు అడుగున గరుకు అంచు మీద నూరడం చూపించిన తమ్మునికి, మిక్సీ వాడుకొమ్మని తలుపు తీసి పెట్టిన చిన్నమ్మకు కూడా దండాలు.

ఆదివారం పొద్దున్నే బోళ్లన్నీ తోమి తెచ్చిస్తా. ఒక్క స్టీలు సిబ్బి మాత్రం ఎవరిదో తేలలేదు. అడుగున "శుభాకాంక్షలతో" అని కొట్టించి ఉంది, దాని కింద పేరు అరిగిపోయింది. ఎవరి పెళ్లికి వచ్చిందో వాళ్లు చెప్పండి, ముందు అక్కడికే వస్తా.