మడత లోతు తగ్గిస్తే కప్పు నిలబడదు: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున కట్టబోయే కళామంటపం గురించి మళ్లీ రాస్తున్నాం. వినతిపత్రాలు ఇచ్చాం, రసీదు ముద్రలు పడ్డాయి, జవాబు రాలేదు. డబ్బు మిగులుతుందంటూ సవరించిన డ్రాయింగులు మాత్రం వచ్చాయి. కాగితం మడతల్లా గీసిన కాంక్రీటు కప్పులో మడత లోతును 1.2 మీటర్ల నుంచి 40 సెంటీమీటర్లకు దించారు. కొసల్లో ఉండాల్సిన ఫ్రేములు తీసేశారు. అయ్యా, ఈ కప్పుకు వేరే దూలాలు లేవు. మడతే దూలం.

దయచేసి ఒక ఏ4 కాగితాన్ని విసనకర్రలా మడిచి రెండు పుస్తకాల మధ్య పెట్టించి చూడండి. పెన్నుల డబ్బా మోస్తుంది. అదే కాగితాన్ని కాస్త చదును చేసి పెడితే కుంగుతుంది. కొసలను పట్టి ఉంచేదేమీ లేకపోతే లోతైన మడత కూడా బరువుకు విచ్చుకుంటుంది. 12 మీటర్ల కప్పుకూ ఇదే లెక్క. కుంగకుండా నిలిచే బిగువు లోతు వర్గాన్ని (లోతును లోతుతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. పలక మందం 100 మిల్లీమీటర్లే ఉంచి లోతును మూడో వంతు చేస్తే బిగువు తొమ్మిదో వంతు కంటే కిందికి పోతుంది. అందుకే ఇప్పుడు మధ్యలో నాలుగు స్తంభాలు చూపించారు. ఆ స్తంభాల వెనక కూర్చున్నవాళ్లు ఒగ్గుకథ ఎలా చూడాలి? మిగిలిందన్న డబ్బు ఆ స్తంభాలకూ, పునాదులకూ పోదా? మడత కప్పుల డిజైనుకు ఐఎస్ 2210 అనే భారతీయ ప్రమాణం ఉంది. కొత్త డ్రాయింగుకు దాని ప్రకారం ఎవరు లెక్క కట్టారు? ఆ కాగితం ఒక్కటి చూపించండి.

లోతైన మడత పోయడం కష్టమంటారేమో. 45 డిగ్రీల వాలులో కాంక్రీటు జారుతుంది, పైవైపు కూడా సెంట్రింగ్ కొట్టాలి, పని ఆలస్యమవుతుంది. నిజమే. మడతల అడుగున ఉండే లోయల్లో ఇనుము దట్టంగా ఉంటుంది, 20 ఎంఎం కంకర దిగదు, తొర్రలు పడతాయి. దానికి 10 ఎంఎం కంకర వాడాలి, వైబ్రేటర్ సరిగా పెట్టాలి. ఇవన్నీ చేయగలిగిన పనులే. వీటి కోసం మడతనే చదును చేయడం న్యాయమా?

నీటి సంగతి ఇంకా బాధగా ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 12 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పున్న ఒక్క మడతలోకే గంటకు 2,880 లీటర్లు చేరతాయి. పాత డ్రాయింగులో లోయకు 20 సెంటీమీటర్ల వాటం ఉండేది. ఇప్పుడు వాటమే లేదు, నీళ్లు దించే పైపు కూడా 110 నుంచి 75 ఎంఎంకు తగ్గింది. నాలుగు ఆకులు అడ్డం పడితే నీళ్లు కప్పు మీదే నిలుస్తాయి. అమెరికాలో కొలరాడోలోని ఎయిర్ ఫోర్స్ అకాడమీ చాపెల్ (ప్రార్థనా మందిరం)లో ఖర్చు తగ్గించడానికి నీరాపే లోహపు పట్టీలు మానేసి సీలెంటుతో సరిపెట్టారు. 1962లో పూర్తయిన ఆ కట్టడం మొదటి నుంచీ కారుతూ వచ్చింది, 2019లో మరమ్మతులకు మూసేశారు.

ఇక శబ్దం. 300 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు మీటరు దాటుతుంది. దాన్ని చెదరగొట్టాలంటే మడత కూడా ఆ కొలతకు దగ్గరగా ఉండాలి. చదునైన కప్పు కింద డప్పు దెబ్బ నేలకూ కప్పుకూ మధ్య టపటపా కొట్టుకుంటుంది. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర నాదం చాలా మెత్తన, వెనక వరసకు చేరనే చేరదు. మైకు పెట్టుకోమంటే ఈ ఆకారం ఎందుకు ఎంచుకున్నట్టు?

మంత్రి గారూ, పాత లోతు తిరిగి ఇప్పించండి. కొసల ఫ్రేములు, లోయల వాటం తిరిగి ఇప్పించండి. స్లాబు పోసేలోగా ఒక్కసారి డ్రాయింగులు ముందు పెట్టుకుని మాతో కూర్చోండి, వేడుకుంటున్నాం. పోసిన తర్వాత మడత లోతు పెంచడం ఏ ఇంజినీరు వల్లా కాదు.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు ప్రాంత నిర్మాణ ఇంజినీర్లు, కళాకారులు