శనివారం సంగీతం క్లాసు గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం అండీ,

మొన్న ప్రేయర్ అయ్యాక ఆరో క్లాస్ పాప నా దగ్గరికొచ్చి, మేడమ్, కర్ణాటక సంగీతం కచేరీలు పెట్టే సభల్లో పాడేదంతా అరవమే కదా మనకేం అర్థమవుతుంది అంది. నాకు నిజంగా బాధేసింది. 1767లో తిరువారూర్‌లో పుట్టి కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికిన త్యాగరాజస్వామి రాసినవి దాదాపు అన్నీ తెలుగే, ఆయన కాలంలోనే పాటలు కట్టిన శ్యామశాస్త్రి గారివీ ఎక్కువ తెలుగే, ఇవాళ మైలాపూర్‌లో ఏ సభలో కూర్చున్నా మన మాట ఒక్కటైనా చెవిన పడకుండా కచేరీ అవడం అరుదు, ఆ సంగతి చెన్నైలో పెరుగుతున్న మన పిల్లలకే తెలీట్లేదు.

అందుకే ఈ టర్మ్ నుంచి శనివారాలు కర్ణాటక సంగీతం క్లాసు పెడుతున్నాం. రెండు నెలల్లో స్టేజ్ మీద పాడించేయండి అని మాత్రం దయచేసి అడక్కండి. మొదలు సరళీ వరసలే, అంటే స్వరాలు వరసగా పాడే తొలి పాఠాలు, అవీ మాయామాళవగౌళ రాగంలో. ఈ పద్ధతి పురందరదాసు గారు పెట్టారని చెప్తారు, ఆయన పోయింది 1564లో. ఆ రాగమే ఎందుకంటే స రి గ మ మధ్య ఎంతెంత దూరాలున్నాయో ప ద ని స మధ్య కూడా సరిగ్గా అంతే, కింద సగం గొంతుకి పట్టిందంటే పైసగానికి దారి దొరికినట్టే.

ఆది తాళం ఇంట్లోనే నేర్పొచ్చు. తొడ మీద ఒక దెబ్బ, చిటికెనవేలు నుంచి మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిప్పడం రెండుసార్లు, మొత్తం ఎనిమిది.

ఉత్తరాది హిందుస్తానీ సంగీతం వేరే లోకమా అని కొందరు అడిగారు. కాదండీ, మన మోహనం రాగం అక్కడ భూపాలీ, మన హిందోళం అక్కడ మాల్కౌంస్, స్వరాలు అవే, నడక వేరు. వాళ్ళు ఒక్క రాగాన్నే నిదానంగా గంటసేపు కూడా విప్పుతారు, మన కచేరీ ఎక్కువగా కృతుల చుట్టూ, అంటే త్యాగరాజస్వామి లాంటి వాళ్ళు కట్టిన పాటల చుట్టూ తిరుగుతుంది.

మీరు చేయాల్సింది, రోజూ పొద్దున పది నిమిషాలు ఫోన్‌లో తంబుర శ్రుతి పెట్టి పిల్లలతో కలిసి "స" పట్టండి, మీకు గొంతు లేదనుకున్నా సరే. డిసెంబర్ సీజన్‌లో చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు, ఒక్కసారి తీసుకెళ్ళండి, అరగంటకే లేచిపోదాం అంటే తిట్టకుండా కాంటీన్‌లో టిఫిన్ పెట్టించి తీసుకొచ్చేయండి, వచ్చే వారం మళ్ళీ వెళ్ళొచ్చు. చెవిన పడ్డ తెలుగు మాటలు నోట్‌బుక్‌లో రాసుకోమనండి, సోమవారం తెలుగు పీరియడ్‌లో వాటి అర్థాలు చెప్పుకుందాం.

మీ హెడ్‌మిస్ట్రెస్