ఎగిరిన ఉపగ్రహాల సంఖ్య కాదు, నెత్తిమీది సామర్థ్యం చెప్పండి

సంపాదక మహాశయా,

ఉపగ్రహ ఇంటర్నెట్ మీద వచ్చే వార్తల్లో ఎక్కువగా రెండు అంకెలే కనిపిస్తున్నాయి. రాకెట్ ఈసారి ఎన్ని ఉపగ్రహాలను మోసుకెళ్లింది, డిష్ పెట్టుకున్న ఇంట్లో ఎంత వేగం వచ్చింది. ఈ రెండూ చూసి మారుమూల ప్రాంతాలకు ఇక కేబుల్ అక్కర్లేదని చాలామంది తేల్చేస్తున్నారు. సేవ సరిపోతుందో లేదో చెప్పే అంకె వేరే ఉంది. ఒక ప్రాంతం మీద ఏ క్షణాన చూసినా ఎంత సామర్థ్యం ఉంటుంది, దాన్ని ఎందరు పంచుకోవాలి అన్నదే ఆ అంకె. దాన్ని లెక్కగట్టడం కష్టమేమీ కాదు.

ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకెళ్లి కిందికి రావడానికే దాదాపు 240 మిల్లీసెకన్లు (సెకనులో వెయ్యో వంతులు) పడుతుంది. అడిగిన దానికి జవాబు తిరిగి రావాలంటే అంతకు రెట్టింపు. ఈ ఉపగ్రహం మీదుగా ఫోన్లో మాట్లాడే ఇద్దరూ ఒకేసారి మాట అందుకుని, ఒకేసారి ఆగిపోయేది ఇందుకే. 550 కిలోమీటర్ల ఎత్తుకు దిగితే పైకీ కిందికీ ప్రయాణం నాలుగు మిల్లీసెకన్లకు తగ్గుతుంది. నేలమీది దారులన్నీ కలుపుకొన్నా మొత్తం జాప్యం సాధారణంగా 25 నుంచి 50 మిల్లీసెకన్లే. అయితే కిందికి దిగేకొద్దీ ఒక్కో ఉపగ్రహం చూడగలిగే నేల తగ్గిపోతుంది. దిగంతానికి 25 డిగ్రీల పైన ఉన్న ఉపగ్రహాలతోనే డిష్ పనిచేస్తుందనుకుంటే, ఒక ఉపగ్రహానికి అందేది సుమారు 940 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న వృత్తం. పైగా అది గంటకు 27,000 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. సరిగ్గా నడినెత్తి మీదుగా వెళ్లినా నాలుగున్నర నిమిషాలకు మించి పనికిరాదు. వందలు, వేలు కావలసి వచ్చేది అందుకే. ఇరిడియం అనే కంపెనీ 1998 నవంబర్‌లో 66 ఉపగ్రహాలతో ఫోన్ సేవ మొదలుపెట్టి, 1999 ఆగస్టులోనే దివాలా తీసింది. 840 ఉపగ్రహాలు అనుకుని 288కి తగ్గిన టెలిడెసిక్ అనే ఇంటర్నెట్ పథకం 2002లో ఆగిపోయింది. ఆ లోటు ఆలోచనలో లేదు. అప్పటికి రాకెట్, డిష్ రెండూ చవక కాలేదు.

ఇక సామర్థ్యం. స్పేస్‌ఎక్స్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ స్టార్‌లింక్ తొలితరం ఉపగ్రహం బరువు 260 కిలోలు, మోయగలిగేది సెకనుకు సుమారు 20 గిగాబిట్లు, అంటే 20,000 మెగాబిట్లు. ఒకే సమయంలో వాడుతున్న ఒక్కో ఇంటికి 5 మెగాబిట్లు చొప్పున ఇస్తే అది 4,000 ఇళ్లకు వస్తుంది. పదింట్లో ఒకరే ఏ క్షణమైనా వాడుతున్నారనుకుంటే 40,000 ఇళ్లు. ఆ ఉపగ్రహం చూసే నేల దాదాపు 28 లక్షల చదరపు కిలోమీటర్లని గుర్తుంచుకోండి. ఎడారిలోనో, దీవుల్లోనో, కొండల్లోనో అది పుష్కలం. కిక్కిరిసిన పట్టణం మీద చెరువులో చెంబుడు నీళ్లు. ఆ తర్వాతి తరం ఉపగ్రహాలు బరువైనవి, సామర్థ్యం నాలుగు రెట్లు. అయినా సముద్రం అడుగున వేసే కొత్త కేబుల్‌లో ఒక్క జత ఫైబర్ తంతువులు సెకనుకు 10 టెరాబిట్లకు, అంటే 10,000 గిగాబిట్లకు పైగా మోస్తాయి. పోలికకు ఆ ఒక్క అంకె చాలు.

సమూహంలో ఎన్ని వేలున్నా అన్నీ ఒకేసారి ఒకచోట ఉండవు. భూమి ఉపరితలంలో 71 శాతం నీరే కాబట్టి ఎక్కువ ఉపగ్రహాలు ఎప్పుడూ సముద్రం మీదే తిరుగుతుంటాయి. అవి అన్ని అక్షాంశాల మీదా సమానంగా పరుచుకోవు కూడా. ఈ రెండో సంగతి వార్తల్లో దాదాపుగా రాదు. స్టార్‌లింక్ మొదటి పొరలో 72 కక్ష్యా తలాలు (ఒకే దారిలో వరుసగా తిరిగే ఉపగ్రహాల వలయాలు), తలానికి 22 చొప్పున 1,584 ఉపగ్రహాలు, భూమధ్యరేఖకు 53 డిగ్రీల వాలు. వాలు కక్ష్యలో తిరిగే ఉపగ్రహం భూమధ్యరేఖను చకచకా దాటేస్తుంది. ఉత్తరాన, దక్షిణాన కొస దగ్గర మలుపు తిరిగేటప్పుడు అక్కడే ఎక్కువసేపు గడుపుతుంది. లెక్క వేస్తే 50 డిగ్రీల అక్షాంశం మీద ఉపగ్రహాల సాంద్రత భూమధ్యరేఖ మీద కన్నా మూడు రెట్లకు పైగా ఉంటుంది. 1,584 ఉపగ్రహాలున్నా భూమధ్యరేఖ దగ్గరి డిష్‌కు ఏ క్షణాన చూసినా కనిపించేవి సగటున ఏడే. దాదాపు ధ్రువాల మీదుగా వెళ్లే కక్ష్యలైతే రద్దీ ధ్రువాల దగ్గర. 1,200 కిలోమీటర్ల ఎత్తులోని వన్‌వెబ్ అనే మరో ఇంటర్నెట్ సేవ ఉపగ్రహాలు అలాంటివే. వాటిలో 72ని శ్రీహరికోట నుంచి ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ రెండు విడతలుగా, 2022 అక్టోబర్‌లో, 2023 మార్చిలో మోసుకెళ్లింది.

భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నవారికి ఇంకో ఇబ్బంది ఉంది. భూస్థిర ఉపగ్రహాల వరుస వారి నడినెత్తి మీదే ఉంటుంది. కింది కక్ష్యలవాళ్లు ఆ వరుసకు అంతరాయం కలిగించకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం నియమం. డిష్ నుంచి చూస్తే ఆ వరుసకు అడ్డంగా వచ్చిన ఉపగ్రహం ఆ చోటికి రేడియో పుంజం పంపకుండా ఊరుకోవాలి. అంటే అసలే తక్కువగా ఉన్న ఉపగ్రహాల్లో అన్నిటికన్నా దగ్గరవే తరచు పనికిరాకుండా పోతాయి. కాబట్టి చలిదేశంలో ఒక ఇంట్లో వచ్చిన వేగాన్ని ఉష్ణమండలానికి అన్వయించడం తప్పు.

ఉపగ్రహాలను ఇంటర్నెట్‌కు కలిపే నేలకేంద్రాలైన గేట్‌వేల ప్రస్తావన కూడా కథనాల్లో రావాలి. ఇతర ఉపగ్రహాలతో కలిపే లేజర్ లింకులు లేని ఉపగ్రహం అద్దంలాంటిది. డిష్ నుంచి అందుకున్నది అదే క్షణంలో తనకు కనిపించే గేట్‌వేకు దించాలి. అంటే డిష్‌కు వెయ్యి కిలోమీటర్ల దరిదాపుల్లో ఫైబర్‌కు కలిపిన నేలకేంద్రం ఉండాల్సిందే. లేజర్లుంటే ఒకదాన్నుంచి ఒకదానికి అందించుకుంటూ సముద్రాలు దాటించొచ్చు. శూన్యంలో కాంతి ఫైబర్‌లో కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా పోతుంది కాబట్టి చాలా దూరపు దారుల్లో జాప్యం కూడా తగ్గుతుంది. గేట్‌వేలు వాడేది కేఏ బ్యాండ్ అనే రేడియో తరంగాల శ్రేణి. డిష్‌లు వాడే కేయూ బ్యాండ్ కన్నా దీన్ని వాన ఎక్కువ దెబ్బతీస్తుంది. మీ ఆకాశం నిర్మలంగా ఉండగానే నెట్ మందగించిందంటే, కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో గేట్‌వే మీద కుండపోత కురుస్తూ ఉండవచ్చు. గేట్‌వేలను ఒకదానికొకటి దూరంగా, ఎక్కువ సంఖ్యలో పెట్టడమే దీనికి మందు.

ప్రయోగం జరిగిన మర్నాడే సేవ రాదు. ఉపగ్రహాలను తక్కువ ఎత్తులో వదులుతారు. అవి క్రిప్టాన్ లేదా ఆర్గాన్ వాయువుతో నడిచే చిన్న ఇంజన్లతో వారాల తరబడి పైకి జరుగుతాయి. పక్క కక్ష్యా తలానికి ఇంధనం కాల్చి మారడం తలకు మించిన ఖర్చు. అందుకని కాలాన్నే వాడుకుంటారు. భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉండటంతో కక్ష్యా తలాలు మెల్లగా తిరుగుతాయి, కింది ఎత్తులో ఇంకాస్త వేగంగా తిరుగుతాయి. 350 కిలోమీటర్ల దగ్గర ఆపి ఉంచితే 550 కిలోమీటర్ల ఎత్తులోని తలంతో రోజుకు దాదాపు అర డిగ్రీ తేడా వస్తుంది. 5 డిగ్రీల పక్క తలాన్ని చేరడానికి పది రోజులు ఓపిక పట్టాలి. తక్కువ ఎత్తులో వదలడంలో ఒక సద్బుద్ధి ఉంది. చెడిపోయినది త్వరగా పడి కాలిపోతుంది. ముప్పూ అక్కడే ఉంది. 2022 ఫిబ్రవరి 3న సుమారు 210 కిలోమీటర్ల ఎత్తులో వదిలిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను మర్నాడే సూర్యుడి ప్రభావంతో పుట్టిన భూ అయస్కాంత తుపాను తాకింది. పైవాతావరణం వేడెక్కి ఉబ్బింది, గాలి రాపిడి 50 శాతం దాకా పెరిగింది. 40 దాకా పైకి లేవలేక రాలిపోయాయి.

ఒకసారి వేసి వదిలేసే రోడ్డు కాదిది. ఒక్కోదాని ఆయుష్షు సుమారు ఐదేళ్లు. 6,000 ఉపగ్రహాల సమూహాన్ని అలాగే నిలబెట్టాలంటే ఏటా 1,200 కొత్తవి ఎక్కించాలి, అంటే రోజుకు మూడుకు పైగా. అన్నే పాతవి కాలి రాలాలి. వాటి అల్యూమినియం ఎక్కడికీ పోదు. వాతావరణపు పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌లో విమానాలతో పట్టిన సూక్ష్మకణాల్లో అంతరిక్ష నౌకల లోహాలు కనిపించాయని 2023లో వెలువడిన పరిశోధన చెప్పింది. దాని పర్యవసానం తేలకముందే సంఖ్యను పెంచుకుంటూ పోవడం మాకు భయంగానే ఉంది. ఎత్తు విషయంలో మాత్రం సందేహం అక్కర్లేదు. 550 కిలోమీటర్ల దగ్గర చచ్చిన ఉపగ్రహాన్ని గాలి రాపిడి కొన్నేళ్లలో దించేస్తుంది, 1,200 దగ్గరైతే శతాబ్దాలు పడి ఉంటుంది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద ఇరిడియం 33, పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251 ఢీకొన్నది సుమారు 790 కిలోమీటర్ల ఎత్తులో. పని ముగిసిన 25 ఏళ్లలోగా దించాలన్న గడువును అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022 సెప్టెంబర్‌లో ఐదేళ్లకు కుదించడం సరైన నిర్ణయం.

బడికో, ఆరోగ్య కేంద్రానికో డిష్ పెట్టించేవారికి ఇవేమీ తెలియకపోయినా నష్టం లేదు, చెట్టు సంగతి తెలిస్తే చాలు. డిష్ పైన 100 నుంచి 110 డిగ్రీల శంఖువు ఆకారంలో ఆకాశం ఖాళీగా ఉండాలి. డిష్ కన్నా పది మీటర్ల ఎత్తున్న చెట్టుకు కనీసం పదిహేను మీటర్ల దూరం పాటించాలి, లేదంటే స్తంభం పెంచాలి. స్టార్‌లింక్‌లో ఏ డిష్ ఏ ఉపగ్రహంతో మాట్లాడాలన్న కేటాయింపు ప్రతి 15 సెకన్లకు మారుతుంది. అడ్డం వచ్చిన ఒక్క కొమ్మ చాలు, రెండు మూడు నిమిషాలకోసారి కొన్ని సెకన్లు తెగిపోవడానికి. వేగపరీక్షలో ఇది తెలియదు, వీడియో ముందే నింపుకున్న నిల్వతో నెట్టుకొస్తుంది. వైద్యుడితో మాట్లాడే వీడియో కాల్ మాత్రం తెగుతుంది. బిగించాక పన్నెండు గంటలు ఆగకుండా పింగ్ (చిన్న సందేశాలు పంపి జవాబు వస్తోందో చూసే పరీక్ష) నడిపి, ఎన్ని పోయాయో చూసిన తర్వాతే పని పూర్తయిందనాలి.

కరెంటు లెక్క ఇంకా ముఖ్యం. 75 వాట్ల డిష్ రోజంతా నడిస్తే 1.8 యూనిట్లు. సౌరశక్తి మీదే నడపాలంటే 500 వాట్ల పలకలు కావాలి. 14 గంటల రాత్రికి 1,050 వాట్-గంటలు, లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 12 వోల్టుల 200 ఆంపియర్-గంటల బ్యాటరీ. వరుసగా మబ్బు పట్టే చోట ఇవి రెట్టింపు. కరెంటు రెప్పపాటు పోయినా డిష్ మళ్లీ మొదలై ఆకాశాన్ని వెతుక్కోవడానికి నిమిషాలు పడుతుంది, మధ్యలో చిన్న యూపీఎస్ తప్పనిసరి.

2022 జనవరిలో అగ్నిపర్వత విస్ఫోటంతో టోంగా దీవుల సముద్ర కేబుల్ తెగి, అతకడానికి ఐదు వారాలు పట్టింది. అలాంటి చోట ఉపగ్రహానికి సాటి లేదు. అయితే 2025 జూలై 24న సాఫ్ట్‌వేర్ లోపంతో స్టార్‌లింక్ ప్రపంచమంతా దాదాపు రెండున్నర గంటలు ఆగిపోయింది. కాబట్టి ఆసుపత్రికి ఇది రెండో దారిగా ఉండాలి, ఏకైక దారిగా కాదు.

మీ విలేకరులకు మా విన్నపం ఒక్కటే. ఈ సేవ గురించి ఎవరు ప్రకటన చేసినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ అక్షాంశం మీద ఏ క్షణాన చూసినా వాడుకోదగిన ఉపగ్రహాలు ఎన్ని? ఒక పుంజం కింద ఎన్ని డిష్‌లకు అనుమతిస్తారు? రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కనీస వేగం ఎంత? ఈ ప్రాంతానికి పనిచేసే గేట్‌వేలు ఎన్ని, ఎక్కడెక్కడ? వచ్చిన జవాబులను ప్రకటన పక్కనే అచ్చువేయండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

భవదీయులు,
ఉపగ్రహ సమాచార రంగ ఇంజినీర్లు