బెంచీ మీద నా పక్కన కూర్చున్న మేడమ్ గారికి

ఆ రోజు మీ పేరు అడగడం కూడా మర్చిపోయాను. డాక్టర్ గారి గది బయట కూర్చున్నాం. మా తొమ్మిదేళ్ల బాబుకి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. టెస్టులన్నీ నార్మల్. బడి ఎగ్గొట్టడానికి నాటకాలని వాడి ముందే విసుక్కుంటుంటే మీరు విన్నారు.

"సెలవు రోజున కూడా వస్తుందా, బాబూ?" అని వాణ్ణే అడిగారు. రాదు. నా నోరు అక్కడే మూతపడింది.

నొప్పి నిజమేనని, మనసులో టెన్షన్ పొట్టలో తెలుస్తుందని చెప్పారు. బడి మాన్పిస్తే ఆ పూటకి హాయి, మర్నాటికి భయం ఇంకాస్త ముదురుతుందన్నారు. టీచర్‌తో మాట్లాడి, మొదట కొన్ని గంటలైనా కూర్చోబెట్టమన్నారు. ఎందుకు భయమని నిలదీయకుండా, ఏదో పని చేసుకుంటూ మాట కలపమన్నారు. నిద్ర గురించి కూడా అడిగారు. ఆ వయసుకి 9 నుంచి 12 గంటలు కావాలట. మా ఇంట్లో అందులో సగం ఫోన్ల పాలు, అది నా చలవే.

నాలుగో రోజు బట్టలు మడతపెడుతుంటే వాడే చెప్పాడు. క్లాసులో పైకి చదివేటప్పుడు తడబడితే నవ్వుతున్నారట. ఇంత చిన్న మాట నెలల తరబడి కడుపులో దాచుకున్నాడు! టీచర్ గారు నవ్వేవాళ్లని ఆపారు, చదవాల్సిన పేరా ముందురోజే ఇచ్చి పంపుతున్నారు.

సోమవారాలు ఇంకా కష్టమే. మిగతా రోజులు పరుగెత్తి వెళ్తున్నాడు.

నన్ను తప్పుపట్టకుండా చెప్పారు చూడండి, అందుకే వినగలిగాను. థాంక్స్ మేడమ్. వాడికి సారీ చెప్పాను కూడా.