పేరు అడగడం నేను మరచిన ఆ అమ్మకు కృతజ్ఞతలు

ఈరోజుతో నేను సిగరెట్టు ముట్టక నలభై మూడు రోజులైంది. ఈ లెక్కకు నా వరకు ఒక ప్రత్యేకత ఉంది. గత పదేళ్లలో మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. మూడుసార్లూ నలభై ఒక్క రోజుల దీక్షలో ఒక్కటంటే ఒక్కటి కూడా కాల్చలేదు. మూడుసార్లూ మాల తీసిన పూటే వెలిగించాను. ఒకసారైతే ఇంటికి చేరేదాకా కూడా ఆగలేక చెంగన్నూరు రైల్వే స్టేషను బయటే కానిచ్చాను. కనుక నలభై రెండో రోజు అనేది నేను ఎన్నడూ చూడని రోజు. నిన్న అది గడిచింది. రాత్రంతా నిద్ర లేదు, చెయ్యి ఖాళీగా ఉంటే భయంగా ఉంది, అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. వాక్యాలు అక్కడక్కడా కుదరకపోతే పెద్దలు మన్నించాలి.

విషయం తెలియని మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను. నెలన్నర క్రితం ఒక అర్ధరాత్రి గాజువాకలోని మా ఇంట్లో నాకు గుండెపోటు వచ్చింది. విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో అదే రాత్రి స్టెంటు వేశారు. నా వయసు నలభై ఏడు. షుగరు లేదు, అధిక బరువు లేదు, వంశంలో ఎవరికీ గుండె జబ్బు లేదు. ఇరవై ఏడేళ్లుగా రోజుకు పదిహేను సిగరెట్లు మాత్రం ఉన్నాయి. "కారణం కోసం వెతకనక్కర లేదు" అని డాక్టరుగారు కేసు షీటు మూసేశారు.

పొగాకును తిట్టమంటే నాకు నోరు రాదు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గరి పల్లెలో పొగాకు రైతు ఇంట పుట్టాను. పచ్చి ఆకును కర్రలకు కట్టిన రోజు అరచేతులకు నల్లటి జిగురు పట్టుకుని, కుంకుడుకాయతో రుద్దినా వదిలేది కాదు. ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద ముద్దకూ చేదుగా ఉండేది. మంచుకు తడిసిన ఆకు మోసిన రోజున కళ్లు తిరిగి వాంతులయ్యేవి. వడదెబ్బ అనుకుని ఇంట్లో మజ్జిగ తాగించేవారు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కడం వల్ల అలా జరుగుతుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, ఆకు పసుపు తిరిగే వారం రోజులూ మా నాన్నగారు అక్కడే మంచం వేసుకుని, రాత్రిళ్లు లేచి లేచి మంట చూసుకునేవారు. ఆయన జన్మలో సిగరెట్టు కాల్చలేదు. పొగాకు పండించడం గౌరవం, కొడుకు పొగ తాగడం పరువు తక్కువ, వేలంలో ధర పలకకపోవడం దుఃఖం. ఈ మూడూ మా ఇంట్లో ఎన్నడూ ఒకదానికొకటి అడ్డు రాలేదు. వేలం కేంద్రంలో వచ్చిన డబ్బుతోనే నా డిగ్రీ ఫీజు కట్టారు. ఆ డిగ్రీ హాస్టలు మేడ మీదే నేను మొదటి సిగరెట్టు కాల్చాను.

ఇక అసలు విషయం. ఆసుపత్రిలో మూడో రాత్రి నా గుండె నొప్పి కంటే ఘోరంగా గడిచింది. మొదటి రెండు రాత్రులూ మత్తులోనూ భయంలోనూ పోయాయి. మూడో రాత్రి వార్డులోకి మార్చాక ఒళ్లంతా చీమలు పాకినట్లు, పళ్లు తమంతట తాము బిగుసుకుపోయినట్లు ఉండింది. మా బావమరిది నేల మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. ఒంటిగంట దాటాక అతని చొక్కా జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీసుకున్నాను. అవును, దొంగతనమే. గేటు బయట రాత్రంతా తెరిచి ఉండే బడ్డీ కొట్టు ఉందని వార్డులోకి వచ్చిన గంటలోనే కనిపెట్టాను.

వరండాలో, మెట్ల దగ్గర, పక్క మంచం కుర్రాడి తల్లి చాప మీద కూర్చుని ఉంది. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరు వాళ్లది. కుర్రాడికి గుండె కవాటం పాడైంది. ఆమె నా చేతిలోని నోటు చూసింది, నా ముఖం చూసింది.

"ఏటి బాబూ, సిగరెట్టుకేనా?" అంది.

నేను మాట్లాడలేదు.

"నాకు తెలీదేటి? సందేలకాడ నుండి నానూ అదే యాతన పడతన్నాను."

కొంగు ముడి విప్పి సగం కాలిన చుట్ట ఒకటి తీసి చూపించింది. ఆ సాయంత్రం మెట్ల కింద వెలిగించబోతే సెక్యూరిటీ అతను కేకలేసి, రెండు వందలు జరిమానా అన్నాడట. నేను పొగాకు రైతు కొడుకుని కదా, చేతికి వచ్చిన ఆకును వాసన చూడకుండా ఉండలేను. అది మేము పండించే వర్జీనియా (సిగరెట్లకు వాడే రకం) కాదు, నాటు ఆకు, ముదురు రంగు. వింత ఏమిటంటే కాలిన కొన తడిగా ఉంది, కాలని కొన పొడిగా ఉంది. అడ్డచుట్ట అన్నమాట, నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చే పద్ధతి. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు అలా కాలుస్తారని వినడమే తప్ప అంత దగ్గరగా నేను చూడలేదు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదని, తట్టలోని చేపల మీద బూడిద రాలదని ఆమె చెప్పింది.

తర్వాత ఆ చుట్టను నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది నీ కాడ ఉంచు. నువ్వు కిందకి దిగనేదంటే నానూ ఎలిగించను. తెల్లారనీ, అప్పుడు సూద్దుం."

నేను ఏడ్చాను. ఆసుపత్రి వరండాలో, నలభై ఏడేళ్ల మగవాణ్ణి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఇరవై ఏడేళ్లలో నన్ను మానమన్నవారు ఎందరో ఉన్నారు. తిట్టినవారు, ఒట్టు వేయించుకున్నవారు, కాలిన ఊపిరితిత్తుల బొమ్మలు వాట్సాప్‌లో పంపినవారు, మాట్లాడటం మానేసినవారు. వారందరూ నా మంచి కోరినవారే, కాదనను. కానీ నాతో పాటు తానూ మానతానన్నవారు ఆ రాత్రి దాకా ఒక్కరూ లేరు. పెళ్లయిన ఏడాది నుంచీ, నలభై ఏళ్లకు పైగా, ఆమెకు ఆ చుట్టే తోడు. కొడుకు మంచం మీద ఉన్నాడు, ఏమవుతుందో తెలియదు. అలాంటి రాత్రి తన దగ్గర ఉన్న ఒక్క ఊరటను తీసి, నాతో ఏ బంధుత్వమూ ఏ అవసరమూ లేకపోయినా, నాకు కాపలాగా ఇచ్చేసింది.

తెల్లవారేదాకా మాట్లాడుకున్నాము. వాళ్ల ఊళ్లో చుట్ట కాల్చని ముసలిదాన్ని వింతగా చూస్తారట. "మరి ఆడపిల్లలు సిగరెట్టు కాలిస్తే?" అని అడిగాను. "సీ, సిగరెట్టా! సిగ్గునేదేటి ఆడోళ్లకి!" అని నిజంగానే కోప్పడింది. ఆ వేళ అంత నొప్పిలోనూ నవ్వు వచ్చింది. మా ఆఫీసులో సంగతి వేరు: బదిలీ కబురైనా, ప్రమోషను కబురైనా ముందుగా తెలిసేది కిళ్లీ కొట్టు దగ్గరే, పై అధికారి అగ్గిపుల్ల గీసి ఇస్తే ఆ ఏడాదికి గండం గడిచినట్లే. మా నాన్నగారి సంగతి చెప్పాను. ఒకే ఆకు, ఇన్ని మర్యాదలు. అదంతా విని ఆమె, "మా గుంటడు ఇంటికొస్తే సాలు బాబూ, ఆకుదేటి" అంది.

ఆ తర్వాత మరో మూడు రాత్రులు అలాగే జరిగింది. నాలుగో నాటి ఉదయం నన్ను ఎకో పరీక్షకు (గుండె స్కానింగుకు) తీసుకువెళ్లి మూడు గంటలు కూర్చోబెట్టారు. తిరిగి వచ్చేసరికి పక్క మంచం మీద కొత్త దుప్పటి వేసి ఉంది. ఆపరేషను కోసం కుర్రాణ్ణి వేరే ఆసుపత్రికి పంపారట. ఆమె పేరు నేను అడగలేదు. ఆమెను "అమ్మా" అన్నాను, ఆమె నన్ను "బాబూ" అంది, అంతటితో సరిపోయింది. ఆ చుట్ట నా మాత్రల డబ్బాలో ఇప్పటికీ ఉంది. తర్వాత ఆమె మళ్లీ వెలిగించిందో లేదో నాకు తెలియదు. వెలిగించి ఉంటే ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

కృతజ్ఞతల మధ్య ఫిర్యాదు బాగుండదని మా ఆవిడ అంటోంది. అయినా రాస్తాను. నా డిశ్చార్జి కాగితంలో మందులు ఎనిమిది వరుసల్లో, ఏది ఎప్పుడు వేసుకోవాలో గంటలతో సహా ఉన్నాయి. చివరి వరుసలో పొగ మానాలని ఒక్క ముక్క, అదీ ఇంగ్లీషులో. ఎలా మానాలో ఎవరూ చెప్పలేదు. అదే ఆసుపత్రి కింది అంతస్తులో పొగాకు మాన్పించే గది ఒకటి ఉంది. మొదటిసారి వెళ్తే తాళం. వారానికి రెండు ఉదయాలే తెరుస్తారట. రెండోసారి వెళ్తే సారు క్యాంపులో ఉన్నారు. మూడోసారి గది తెరిచే ఉంది, కాని ఓపీ చీటీ కొత్తది కావాలని క్యూలోకి పంపారు. కొత్తగా స్టెంటు వేయించుకున్నవాడు మూడుసార్లు వస్తాడని నమ్మిన ఆ ఏర్పాటుకు నమస్కారం. పొగ మానేవారికి ఇచ్చే నికోటిన్ చూయింగ్ గమ్ 2022 జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో చేరింది. ఆ ఆసుపత్రి ఉచిత మందుల కౌంటరులోకి మాత్రం చేరలేదు, బయట కొనుక్కున్నాను.

ఇంకొకటి. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదు. ఆసుపత్రి గేటుకు మాత్రం అలాంటి గీత ఏదీ లేదు. పెట్టె మీద 2016 నుంచి ఎనభై ఐదు శాతం స్థలంలో హెచ్చరిక బొమ్మ ఉండాలి. లూజుగా ఒకటీ రెండూ కొనేవాడికి ఆ పెట్టె కంటపడదు. కేంద్రంలో ఆరోగ్య శాఖ ఆ బొమ్మలు వేయిస్తుంది, వాణిజ్య శాఖ గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు నడుపుతుంది. రైతు కొడుకుగా బోర్డు వద్దనలేను, రోగిగా బొమ్మ వద్దనలేను. గేటు ముందు ఆ కొట్టు మాత్రం వద్దనగలను.

ఆ పెట్టె మీదే 2018 నుంచి, పొగాకు మానాలనుకునేవారి కోసం ఒక ఉచిత ఫోను నంబరు అచ్చువేస్తున్నారు: 1800-11-2356. ఇన్నేళ్లూ రోజూ చేతిలోకి తీసుకున్నాను, ఒక్కసారీ చదవలేదు. ఇంటికి వచ్చిన మూడో రోజున చేశాను. తెలుగులో మాట్లాడే కౌన్సెలరు దొరికారు. కోరిక పుట్టిన ప్రతిసారీ అది కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుందని, ఆ కొద్ది నిమిషాలూ ఏం చేస్తారో ముందే రాసి పెట్టుకోమని చెప్పారు. వారం తర్వాత తామే మళ్లీ ఫోను చేసి ఎలా ఉన్నారని అడిగారు. వారికి నా నమస్సులు. గమ్‌ను నేను బబుల్ గమ్‌లా గబగబా నమిలి ఎక్కిళ్లు తెచ్చుకుంటే, మందుల షాపు కుర్రాడు కౌంటరు దాటి వచ్చి, నాలుక మీద ఘాటు తగలగానే నమలడం ఆపి బుగ్గ పక్కన పెట్టుకోవాలని, దానికి ముందు పావుగంట టీ తాగకూడదని నేర్పాడు. అతనికి ధన్యవాదాలు.

మా ఆవిడ, అబ్బాయి, అక్క, బావమరిది చేసినవి చెప్పుకుంటూ పోతే పరాయివాళ్లను చేసినట్లవుతుంది. బావమరిదికి ఇరవై రూపాయలు ఇచ్చేశాను.

పైన రాయడం మరచిపోయినవారు: ఆ అమ్మ నోరు తెరిపించి అంగిలి చూసి, తెల్లగా మారిందని, వెంటనే చూపించుకోమని చీటీ రాసి ఇచ్చిన దంతవైద్య విద్యార్థిని. (అమ్మా, ఆ చీటీ పారేయలేదు కదా? ఈ మాటలు ఎవరైనా ఆమెకు చదివి వినిపించే పరిస్థితి వస్తే ముందుగా ఇదే అడగండి.) మెడికల్ రీయింబర్స్‌మెంటు కాగితాలన్నీ తానే నింపిన మా సెక్షను సోదరి. నేను రావడం మానేశాక కూడా బాకీ అడగని మా వీధి కిళ్లీ కొట్టు పెద్దాయన. ఆయన ఇప్పుడు నన్ను చూస్తే సోంపు పొట్లం ఇస్తున్నాడు. జరిమానా అని బెదిరించిన సెక్యూరిటీ అతనికి కూడా, ఆలోచిస్తే, నేను రుణపడే ఉన్నాను.

అయ్యో, ఇంకొకరు. ఆ అర్ధరాత్రి గాజువాక నుంచి మమ్మల్ని తీసుకువెళ్లిన ఆటో అతను. బేరం ఆడలేదు, దారి పొడుగునా హారను మీద నుంచి చెయ్యి తీయలేదు, స్ట్రెచరు వచ్చేదాకా నా తల తన భుజం మీదే ఆనించుకుని నిలబడ్డాడు. ఆ హడావుడిలో డబ్బు ఇవ్వలేదని మాకు నిన్ననే గుర్తుకు వచ్చింది. ముందు అద్దం మీద సింహాచలం అప్పన్న బొమ్మ, వెనక సీటు కవరు కుడివైపు చిరిగి ఉంది. ఎవరైనా గుర్తుపడితే దయచేసి తెలియజేయండి, అతనికి మేము బాకీ ఉన్నాము.