వెనక డోర్ మళ్లీ అక్కడే పగిలింది, అదే డోర్ మళ్లీ బిగించి పంపకండి

కస్టమర్ కేర్ హెడ్ గారికి,
నకలు: చెన్నై ఏరియా సర్వీస్ మేనేజర్ గారికి

విషయం: కంపెనీ బాడీతో కొన్న పికప్ బండి వెనక డోర్, వారంటీ ఉండగానే రెండోసారి బందు (డోర్ తిరిగే కీలు) దగ్గర పగలడం, వారంటీ వర్తించదనడం గురించి.

నమస్కారం సర్. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తెలుగు కూడా నొక్కొచ్చని చెబుతుంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. జాబ్ కార్డు (బండి పని వివరాలు రాసే కాగితం) మీద రాసిన ఒక్క మాట తప్ప, సర్వీస్ సెంటర్లో ఇప్పటిదాకా చెప్పిందంతా నోటిమాటే, వేరే కాగితం మీద ఒక్క ముక్క రాసివ్వలేదు. అందుకని ఈ ఉత్తరం అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను, దీని కాపీయే మీ ఈమెయిల్‌కి కూడా పెట్టాను. ఫొటోలు, జాబ్ కార్డులు, వేబ్రిడ్జ్ చీటీ, ఇన్వాయిస్ అన్నీ జత చేశాను.

మాది చెన్నై మాధవరం. మీ పికప్ మీద 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు వేస్తాను. రెడ్‌హిల్స్ అవతల ప్లాంటులో ఎత్తుకుని కొళత్తూరు, పెరంబూరు వైపు ఇళ్లకీ, చిన్న హోటళ్లకీ, ఆఫీసులకీ దింపుతాను. బండి నేనే నడుపుతాను, సాయానికి ఒక కుర్రాడు ఉంటాడు, అంతే. ఫైనాన్స్‌లో తీసుకున్న బండి, కంతు నెలనెలా కట్టాలి, అది రోడ్డెక్కితేనే ఇల్లు గడుస్తుంది.

ఇక డోర్ సంగతి. మీ బండి వెనక డోర్‌కి కింద మూడు బందులు, పక్కన రెండు గొలుసులు, పైన రెండు లాకులు. బందు పట్టీని డోర్ రేకుకి వెల్డింగ్ చేసిన చోట, సరిగ్గా వెల్డింగ్ ఆగిపోయే అంచు దగ్గర, డ్రైవర్ వైపు, ముందు పెయింట్ మీద వెంట్రుకవాసి గీత కనబడింది. గీతలోంచి ఎర్రగా తుప్పునీళ్లు కారిన చార పడింది. చూస్తుండగానే అది వేలెడంత అయింది, తర్వాత బందు కదలడం మొదలుపెట్టింది, డోర్ మూస్తే ఒక పక్క కిందికి జారి లాకు పడటానికి భుజం పెట్టి ఎత్తాల్సి వచ్చేది. అప్పుడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే వాళ్లు చూసి, ఫొటోలు తీసి, మీకు పంపి, వారంటీలోనే డోర్ మార్చారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఓవర్‌లోడ్ అనీ అనలేదు, వాడకం తేడా అనీ అనలేదు. పాత డోర్ వాళ్లే ఉంచుకున్నారు, అది మీ దగ్గరే ఉండాలి, దయచేసి తీసి చూడండి.

కొత్తగా వేసిన డోర్ కూడా అదే రేకు, అవే బందులు, అంతే పొడవు వెల్డింగ్. పగిలింది కూడా అదే చోట, అదే గీతతో, అదే తుప్పు చారతో. తేడా అల్లా ఏమిటంటే ఈసారి మీ వాళ్లు జాబ్ కార్డు మీద బరువు ఎక్కువ వేయడం వల్ల అని రాసేసి, వారంటీ రాదు, పార్టులో సగం ధర కంపెనీ సానుభూతితో భరిస్తుంది, మిగతా సగమూ లేబరూ మీరు కట్టుకోండి అన్నారు. నేను కట్టనన్నాను. జాలిపడి సగం తగ్గించమని నేనేమీ అడగలేదు సర్, వారంటీ కార్డులో మీరే రాసిచ్చిన మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇంకా దాటలేదు, దాని ప్రకారం చేయమంటున్నాను.

బరువు మాట తీస్తున్నారు కాబట్టి ఆ లెక్కే చెప్తాను. నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాను, దాని సొంత బరువుతో కలిపి 21 కిలోల లోపే ఉంటుంది. బండికి 55 క్యాన్లు ఎక్కిస్తాం, అంటే సుమారు 1150 కిలోలు. మీ బ్రోషర్‌లో ఈ మోడల్ 1300 కిలోలు మోస్తుందని అచ్చు వేశారు. నిండు బండిని వేబ్రిడ్జ్ మీద పెట్టి తూయించిన చీటీ జత చేశాను, ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువుతో పోల్చి చూసుకోండి, దానికి కిందే ఉంది. నీళ్ల క్యాన్ల బండిలో ఒక సుఖం ఏమిటంటే ఇసుకలాగానో కంకరలాగానో ఎంత వేశామో తెలియకపోవడం అనేది ఉండదు, క్యాన్లు లెక్కపెడితే బరువు తెలిసిపోతుంది.

పోనీ డోర్ మీదే ఎక్కువ బరువు పడిందా అంటే, ఎక్కించేటప్పుడు డోర్ అడ్డంగా గొలుసుల మీద నిలబడి ఉంటుంది, కుర్రాడు క్యాను దాని మీద పెట్టి లోపలికి నెడతాడు. ఒక్కోసారి రెండు క్యాన్లు ఉంటాయి, ఒక్కోసారి కుర్రాడే ఎక్కి నిలబడతాడు. సరుకు బండికి వెనక డోర్ పెట్టేదే అందుకు కదా. అది అందం కోసం పెట్టిన రేకు కాదు, బరువు మోసే భాగం. మనిషి కాలు పెడితే వారంటీ పోతుందని ఎక్కడైనా రాసి ఉంటే ఆ పేజీ నాకు పంపండి, నా దగ్గరున్న పుస్తకంలో అలాంటిదేమీ లేదు.

ఇంకో విషయం మీ ఇంజనీర్ గారెవరైనా చదివితే బాగుంటుంది. బరువు ఒక్కసారిగా మీద పడి వంగిన డోర్ ఎలా ఉంటుందో మా ప్లాంటు దగ్గర అందరికీ తెలుసు. రేకు నడుమ సొట్ట పడుతుంది, పై అంచు విల్లులా వంగుతుంది, గొలుసు కొక్కెం సాగుతుంది. నా డోర్‌కి అవేవీ లేవు. స్కేలు పెట్టి చూసినా పై అంచు తిన్నగానే ఉంది, ఫొటోలో మీకే కనబడుతుంది. పగిలింది వెల్డింగ్ అంచు దగ్గర మాత్రమే. విరిగిన బందు ముక్క నా దగ్గర ఉంది, దాని ముఖం చూస్తే సగానికి పైగా గోధుమ రంగులో తుప్పు పట్టి ఉంది, చివర కొంచెం మేర మాత్రం తళతళ మెరుస్తోంది. ఒక్క దెబ్బకి విరిగితే మొత్తం మెరుస్తూ ఉండాలి. తుప్పు పట్టిన భాగం ఎప్పటినుంచో కొద్దికొద్దిగా తెరుచుకుంటూ వచ్చింది, మెరిసే భాగం ఆఖరున తెగింది. అంటే వెల్డింగ్ దగ్గర రోజూ కొంచెం కొంచెం అలసిపోయి పోయిందన్నమాట, ఎవరూ ఒక్కరోజు బరువేసి విరగ్గొట్టలేదు. ఆ ముక్కని నీళ్లు తగలకుండా కవర్లో చుట్టి ఇంట్లో దాచాను.

అది ఎందుకలా అవుతుందో కూడా మాకు కనబడుతూనే ఉంది. డోర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు ముక్కలు కొన్నాళ్లకే నలిగి ఊడిపోతాయి. సర్వీస్ సెంటర్లో అడిగితే స్టాక్ లేదు, వస్తే ఫోన్ చేస్తాం అన్నారు, ఫోన్ రాలేదు. రబ్బరు లేకపోతే లాకులో సందు వస్తుంది, ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ డోర్ టపటపా కొట్టుకుంటుంది, ఆ దెబ్బంతా బందు వెల్డింగ్ మీదే పడుతుంది. దానికి తోడు డోర్ కింది మడతలో నీళ్లు పోయే కన్నం చాలా చిన్నది. వాన నీళ్లూ, క్యాన్ల నుంచి కారిన నీళ్లూ అక్కడే నిలుస్తాయి. మాధవరం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు, చెన్నై ఉప్పుగాలికి ఇక్కడ ఇంటి గేట్లే నిలవవు. ఈ ఊళ్లో బండి అమ్మేటప్పుడు ఆ సంగతి మీకు తెలియనిది కాదు.

మా ప్లాంటులో మీ కంపెనీ ఇదే మోడల్ నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో కొందరికి కూడా డ్రైవర్ వైపు బందు దగ్గరే గీత మొదలైంది. ఒకాయన వారంటీ దాటిపోయి బయట వెల్డింగ్ చేయించుకున్నాడు, బందు కింద చిన్న త్రికోణపు ఇనప పట్టీ అతికించి ఇచ్చారు, ఆ డోర్ ఈ రోజుకీ గట్టిగా ఉంది. మాధవరంలో రోడ్డు పక్క షాపులో వెల్డింగ్ చేసే మనిషికి ఒక్క చూపులో అర్థమైన సంగతి మీ దగ్గర ఎందుకు ఆగిపోయిందో నాకు తెలియడం లేదు. నేనూ అలాగే చేయించుకునేవాడినే, కానీ బయట వెల్డింగ్ పెడితే బాడీ మొత్తానికి వారంటీ పోతుందని మీ సర్వీస్ సెంటర్లో గట్టిగా చెప్పారు. మీరు చేయరు, బయట చేయించుకోనివ్వరు, మరి నేను ఏం చేయాలి సర్?

డబ్బు కంటే నాకు ఎక్కువ భయం వేసిన సంగతి ఒకటుంది, అది రాయకుండా ఉండలేను. నిండు బండితో పెరంబూరు ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు క్యాన్లన్నీ వెనక్కి ఒత్తుతాయి, అది ఏ బండికైనా మామూలే. పగిలిన బందు అప్పుడు పూర్తిగా ఊడింది, డోర్ ఒక మూల నుంచి తెరుచుకుంది, వెనక వరసలో క్యాన్లు రోడ్డు మీద పడ్డాయి. వెనక స్కూటీ మీద ఒకావిడ, ముందు నిలబడిన చిన్న పాప. ఆవిడ పక్కకి కోసేసి గోడ దగ్గర ఆపింది. క్యాను వాళ్ల చక్రానికి జానెడు దూరంలో పగిలింది. నేను దిగి వెళ్లేసరికి ఆ పాప ఏడుపు ఆపడం లేదు, ఆవిడ నన్ను తిట్టింది, తిట్టడంలో తప్పేమీ లేదు. 21 కిలోల క్యాను నడుస్తున్న స్కూటీ మీద పడితే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. కేసు డ్రైవర్ మీద, అంటే నా మీద పడుతుంది, వెల్డింగ్ చేసినవాళ్ల మీద కాదు. అప్పటి నుంచి డోర్‌ని బెల్టుతో కట్టి, వెనక వరస క్యాన్లు తీసేసి, తక్కువ లోడుతో నడుపుతున్నాను, టెన్షన్‌తోనే నడుపుతున్నాను.

వెనక డోర్ చిన్న విషయం, దీనికింత గొడవేమిటని మీ వాళ్లు అన్నారు. మా అబ్బాయి చూసి చెప్పాడు, 2004లో అమెరికాకి చెందిన జనరల్ మోటార్స్ కంపెనీ దాదాపు 40 లక్షల పికప్‌లను వెనక్కి పిలిచింది, కారణం వెనక డోర్‌ని పట్టి ఉంచే ఉక్కు కేబుళ్లు తుప్పు పట్టి తెగిపోవడం. వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు కేబుళ్లు వేసిచ్చారు. తెగిన వాటి స్థానంలో మళ్లీ అవే పాత రకం కేబుళ్లు వేయలేదు. నేను అడుగుతున్నదీ అదే.

మన దగ్గర కూడా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ పెట్టారు. ఒక రకం బండిలో ఉన్న లోపం వల్ల డ్రైవర్‌కో, రోడ్డు మీద వెళ్లే ఇతరులకో హాని జరిగేలా ఉంటే ఆ బళ్లను వెనక్కి పిలిపించమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. ఇది ఒక్క నా బండి గొడవే అనుకుంటే పొరపాటు, మా ప్లాంటులో ఉన్న మిగతావాళ్లు కూడా సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

మీ డీలర్ దగ్గర ఒకాయన, ఇది కమర్షియల్ బండి, మీకు కన్స్యూమర్ కోర్టు వర్తించదు అన్నాడు. ఆయనకి చెప్పండి, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే స్పష్టంగా ఉంది, సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం మాత్రమే కొన్న వస్తువుని వ్యాపారం కింద చూడరు. బండి నేనే కొన్నాను, నేనే నడుపుతున్నాను, దీని మీదే బతుకుతున్నాను. నేను ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, మీ హెడ్ ఆఫీసు ఉన్న ఊరికి రానక్కర్లేదు. బండి ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కాబట్టి ఫీజు 200 రూపాయలు. అవసరమైతే వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు) వాళ్లు ముక్కని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయిస్తారు, కవర్లో దాచిన బందు అప్పుడు పనికొస్తుంది. లాయర్ల చుట్టూ తిరగాలని నాకు లేదు, తిరిగితే ఆ రోజు క్యాన్లు ఎవరు వేస్తారు. కానీ తప్పదంటే వెళ్తాను.

నేను కోరేది ఇది. డోర్ ఉచితంగా మార్చండి, కానీ అదే పార్టు మళ్లీ పెట్టొద్దు, మూడు బందుల దగ్గరా పట్టీ వేసి బలపరిచిన డోర్ ఇవ్వండి, లేదంటే మీరు ఇచ్చే డోర్‌కే మీ సర్వీస్ సెంటర్లో ఆ పట్టీలు వేసి, దాని వల్ల వారంటీ పోదని లెటర్ హెడ్ మీద రాసివ్వండి. రబ్బరు ముక్కలు వేయండి, కింద నీళ్లు పోయే కన్నాలు సరిచేయండి. కొత్త డోర్‌కి, బిగించిన రోజు నుంచి రెండేళ్లు వారంటీ కావాలి, ఎందుకంటే బండి వారంటీ ఇంక కొద్ది నెలల్లో అయిపోతుంది, ఆ తర్వాత మూడో డోర్ పగిలితే నేను ఎవరిని అడగాలి? జాబ్ కార్డు మీద రాసిన బరువు ఎక్కువ అనే మాట కొట్టేయాలి, బండి అమ్ముకోవాలన్నా అది నాకు అడ్డమే. పని జరిగినన్ని రోజులు బండి మీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ రోజులకి బదులు బండి ఇవ్వండి, లేదా అద్దె బండి ఖర్చు భరించండి. వారంటీ ఇవ్వం అనేదే మీ ఆఖరి మాట అయితే ఏ కారణంతో, ఎవరు పరీక్ష చేసి తేల్చారో సంతకంతో రాసి పంపండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, ఆ తర్వాత చెన్నై ఉత్తర జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, రవాణా శాఖకి కూడా ఈ ఫొటోలే పంపిస్తాను.

బండి చూడటానికి మీ ఇంజనీర్ గారు వస్తానంటే సాయంత్రం పూట మాధవరంలో ఇంటి దగ్గరే ఉంటుంది. సర్వీస్ సెంటర్‌కే తెమ్మంటే ఆదివారం తప్ప ఏ రోజైనా తెస్తాను, ఆదివారం ఇళ్లకి క్యాన్లు ఎక్కువ వేయాల్సి ఉంటుంది. విరిగిన ముక్క మాత్రం చూపిస్తాను కానీ ఇవ్వను, ఫొటోలు తీసుకోండి, కొలతలు తీసుకోండి.

ఇట్లు,
మీ పికప్ బండి ఓనర్,
మాధవరం, చెన్నై
(పేరు, ఛాసిస్ నంబరు, ఫోన్ నంబరు జత చేసిన ఇన్వాయిస్ కాపీలో ఉన్నాయి)