విమానం పాఠంలో ఆ తప్పు రాయించకండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని సునాబెడ. పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో విమానం ఎలా లేస్తుందో బొమ్మ వేసి చెప్పారు కదా, అది చూసి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్నా, ఇది రాయనందుకే నాకు రెండు మార్కులు పోయాయి" అంది. అందుకే ఈ ఉత్తరం.

మీ బొమ్మలో ఉన్నదీ గైడుల్లో ఉన్నదీ ఒకటే. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కింది గాలితో పాటే అది చివరికి చేరాలి కాబట్టి వేగంగా పోతుంది, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గి రెక్క లేస్తుంది అని. ఇందులో "పాటే చేరాలి" అన్న ముక్క తప్పండి. రెక్క ముందు విడిపోయిన గాలి వెనక మళ్లీ కలుసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు, నిజానికి పైన గాలి ముందే చేరిపోతుంది. వంపు ఒక్కటే కారణమైతే కొన్ని విమానాలు తలకిందులుగా ఎలా ఎగురుతున్నాయి? పిల్లలు నోట్‌బుక్కు కాగితంతో చేసే విమానానికి రెక్క పైనా కిందా ఒకేలా ఉంటుంది, మరి అదెలా తేలుతోంది?

వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందని 1738లో శాస్త్రవేత్త బెర్నూలీ పుస్తకంలో వచ్చిన సూత్రం సరైనదే. గాలికి ఆ వేగం ఎందుకొచ్చిందో చెప్పే దగ్గరే తప్పు జరుగుతోంది. కాస్త ఏటవాలుగా ఉన్న రెక్క తన మీదకొచ్చే గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి తిరిగి రెక్కను పైకి నెడుతుంది, అది న్యూటన్ మూడో సూత్రం. అలా మళ్లుతున్నప్పుడే రెక్క పైన ఒత్తిడి తగ్గుతుంది, తక్కువ ఒత్తిడి వైపు వెళ్తుంది కాబట్టే అక్కడ గాలి వేగం అందుకుంటుంది. మా అమ్మాయి "రెక్క గాలిని కిందికి నెడుతుంది" అని రాసింది. గైడులో ఉన్నదే రాయాలని టీచరు అన్నారట. మార్కులు పోతే పోయాయి గానీ, ఆ మాటకి పిల్ల రెండు రోజులు డల్‌గా ఉంది.

మిగ్-21 యుద్ధవిమానాల ఇంజిన్ల కోసం 1964లో హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీ వచ్చిన ఊరు మాది. ఇక్కడి పిల్లలు కూడా ఈ పాఠాన్ని బట్టీ పట్టాలా?

ఒత్తిడి గురించి చెప్పడానికి మా కొండలు చాలు. కొండ కింద సాలూరులో కొన్న చిప్స్ ప్యాకెట్ సుంకి, పొట్టంగి దాటి పైకొచ్చేసరికి బూరలా ఉబ్బుతుంది, చెవులు దిబ్బడేస్తాయి. ఖాళీ నీళ్ల సీసాకి ఇక్కడ గట్టిగా మూత బిగించి బస్సెక్కితే సాలూరులో దిగేసరికి సొట్టపోయి ఉంటుంది. మేం సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం, గాలి ఒత్తిడి సముద్రతీరంలో కంటే పదో వంతు తక్కువ, మూతలేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లినప్పుడు, నీళ్లు నిండిన పైపులో ప్రతి 10 మీటర్ల లోతుకీ చదరపు సెంటీమీటరు మీద కిలో బరువు పెరుగుతుందని అక్కడే నిలబెట్టి చెప్పొచ్చు. విమానం పాఠానికైతే టేబుల్ ఫ్యానూ ఒక అట్టముక్కా ఉంటే సరిపోతుంది. ఫ్యాను ముందు అట్టని, గాలి వచ్చే వైపు అంచు కొంచెం పైకి ఉండేలా పట్టుకుంటే చేతిని పైకి ఎత్తేస్తుంది, రెండో చెయ్యి అట్ట వెనక కాస్త కిందుగా పెడితే మళ్లిన గాలి తగులుతుంది. ఇంట్లో చేసి చూశాకే మా అమ్మాయి ఆ జవాబు రాసింది.

మా సరిహద్దు జిల్లా పిల్లలు బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు. మా ఇంట్లో అయితే సైన్సు తెలుగులో కనబడేది మీ పేపర్లోనే, అందులో అచ్చయిందంటే పిల్లలు నిజమనే నమ్ముతారు. దయచేసి వచ్చే వారం ఆ బొమ్మ సరిచేసి, పక్కన ఈ ఫ్యాను ప్రయోగం కూడా వేయండి. వేస్తే కత్తిరించి బడికి తీసుకెళ్తానని మా అమ్మాయి ఇప్పటినుంచే ఎదురుచూస్తోంది.

– ఒక పాఠకుడు, సునాబెడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా